మంచం కింద తాటిపండు

జులై 28, సోమవారం

నా పేరు వెంకటనరసమ్మ. వయసు డెబ్బై ఆరు. ఆధార్ కార్డులో డెబ్బై రెండని ఉంది, అది రాసినవాడు నన్ను అడగలేదు. పుట్టింది కొల్లేటి ఒడ్డున, కాపరం చేసిందీ అక్కడే. ఇప్పుడు ఉంటున్నది ఏలూరులో, నా కొడుకు కనకరాజు ఇంట్లో. ఇంట్లో ముగ్గురం. నేను, వాడు, వాడి భార్య సాయిదుర్గ. వాడిది కాలవల ఆఫీసులో ఉద్యోగం, ఆవిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కృపావరం రాస్తోంది. నన్ను కనిపెట్టుకుని ఉండడానికి కొత్తగా పెట్టిన మనిషి. పదింటికి లంక ఊరి బస్సు దిగి వస్తుంది, నాలుగింటికి వెళ్ళిపోతుంది. పదో తరగతి తప్పినా తన అక్షరాలు గుండ్రంగా ఉంటాయట, తనే చెప్పింది. ఈ పుస్తకం ఎవరికీ చూపించడానికి కాదు. పదిమందిలో నా మాట చెప్పుకోవాల్సి వస్తే ఒక్కటీ జారిపోకుండా ఉండడానికి. నా మీద ఫిర్యాదే అది కదా, అన్నీ మరిచిపోతున్నానని.

జరిగింది ఇదీ. ఆషాఢంలో ఒక మంగళవారం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం మగ్గిపోయి తొక్క నల్లబడుతోంది. పారెయ్యడం నాకు చేతకాదు, పండు దోసెలు పోద్దామనుకున్నాను. బెల్లం పడ్డ పిండికి సన్నసెగే ఉండాలి. పెనం సన్నసెగ మీద పెట్టి, కింద పీట వేసుకుని పళ్ళు వలుస్తున్నాను. ఫ్యాను గాలికి మంట ఆరిపోయిందట. గ్యాసు మాత్రం వస్తూనే ఉందట. పావుగంట వచ్చిందట. మేడమీద అద్దెకుండే ఫణికిరణ్ మెట్లు దిగుతూ పసిగట్టి, తలుపు తోసుకొచ్చి మీట కట్టేసి, నన్ను రెక్క పట్టుకుని వీధిలోకి లాగాడు. "చచ్చిపోయేవారండీ మామ్మగారూ!" అని వాడు అరిచిన అరుపుకి వీధంతా వచ్చింది.

నేను అప్పుడు చెప్పిందీ ఇదే, ఇప్పుడు చెబుతున్నదీ ఇదే. మంట ఆరడం నేను చూశాను. లేచి మీట కట్టేసేలోపు ఆ అబ్బాయి వచ్చాడు.

"గ్యాసులో కూర్చుని అరటిపళ్ళు వలుచుకుంటోందిట, అమ్మకి తెలియడం లేదు" అన్నాడు నా కొడుకు. నా ముందే అన్నాడు, నేను గోడనైనట్టు.

ఆ సాయంత్రమే వంటింటికి తాళం పడింది. తాళంచెవి సాయిదుర్గ స్కూలు సంచీలో ఉంటుంది. వీధి గ్రిల్లుకి ఇంకో తాళం. ఎనిమిదిన్నరకి వాళ్ళు బయటినుంచి వేసుకుపోతారు, పదింటికి కృపావరం తీసి లోపలినుంచి వేస్తుంది. ఆ చెవి దాని పర్సులో ఉంటుంది. "ఒక్కసారి అలా వీధి చివరిదాకా వెళ్ళొస్తానే" అంటే "నా ఉద్యోగం పోతుందండి మామ్మగారూ" అంటుంది. అదీ నిజమే.

జులై 29, మంగళవారం

హాట్‌బాక్సులో బెండకాయ వేపుడు. ఈ రోజుల్లో కూరలకి వాసనే లేదు. మందులు కొట్టి పండిస్తున్నారు.

ఆగస్టు 1, శుక్రవారం

పండు దోసెలు నేను ఎలా పోస్తానో రాయించి పెడుతున్నాను. రేపు ఇదీ మరిచిపోయానంటారు.

బియ్యం పొద్దున్నే నానేసుకోవాలి. రుబ్బేటప్పుడు గుప్పెడు అటుకులు. పండు చేత్తోనే మెదపాలి, మిక్సీలో వేస్తే జిగురు తేలుతుంది. బెల్లం కరిగించి, వడగట్టి, చల్లారాక కలపాలి. వేడిగా పోశావా, పిండి చచ్చిందే. కొబ్బరి కోరు, ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు. గరిటెడు పిండి పెనం మీద పోసి వదిలెయ్యాలి. మామూలు దోసెలా గరిటెతో తిప్పకూడదు, తిప్పితే పెనాన్ని పట్టుకుని వదలదు. అదే మెల్లగా పరుచుకుని గుండ్రమవుతుంది. అంచు చుట్టూ నెయ్యి వెయ్యాలి. బుడగలు టపటప పగులుతూ ఉంటాయి, ఆ చప్పుడు ఆగగానే తిరగెయ్యాలి. కొంతమంది వాసన చూసి తిరగేస్తారు. నేను చప్పుడు విని తిరగేస్తాను. అదే సరైన పద్ధతి.

ఏలకులకీ ఇప్పుడు వాసన లేదు. కాయలు అమ్మేముందే నూనె తీసేస్తున్నారట.

ఇవాళ ఇంకోటి విన్నాను. పొద్దున్న కనకరాజు స్నానాలగది దగ్గర నిలబడి తాడేపల్లిగూడెం ఫోను చేశాడు. అక్కడ ఉల్లిపాయల వ్యాపారం చేసే తాతాజీ నా తమ్ముడు. స్పీకరు పెట్టి మాట్లాడడం నా కొడుక్కి అలవాటు, వాడికి చెవులు కాస్త మందం.

"చూసొచ్చావా మావయ్యా?"

"చూశాన్రా. శుభ్రంగా ఉంది. పద్దెనిమిదిమంది ఆడవాళ్ళు. హాల్లో టీవీ, టైముకి భోజనం."

"వంటింట్లోకి వెళ్ళనిస్తారా?"

"లేదులే, వంటవాళ్ళు తప్ప ఎవరూ అటు పోకూడదు. అదే మనకి కావాల్సింది కదా."

"అదే మావయ్యా. అదే భయం నాకు."

"పదిహేడు ఆదివారం వస్తాను. నలుగురం కూర్చుని అక్కకి చెబుదాం. ఒప్పుకుంటే కార్లో నాతోనే తీసుకుపోతా."

ఇదంతా విని నేను పళ్ళు తోముకున్నాను. కాఫీ తాగాను. కాఫీ పొడి కూడా మారింది, వేణ్ణీళ్ళలా ఉంది.

ఆగస్టు 4, సోమవారం

శనివారం నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆరువారాల తర్వాత గ్రిల్లు దాటాను. ఆటోలో కూర్చుంటే ఏలూరు ఏలూరులానే ఉంది, నేనే కొత్తగా ఉన్నాను.

ఆరువారాలు కాదు, మూడేనంటోంది కృపావరం. మూడనే రాయమన్నాను.

డాక్టరుకి మీసం ఇంకా సరిగా రాలేదు. "ఇది ఏ నెల బామ్మగారూ?" అన్నాడు.

"శ్రావణం."

"ఇంగ్లీషు నెల చెప్పండి."

"అది మీ అవసరం నాయనా. నాకెందుకు?"

"వందలోంచి ఏడు తీసెయ్యండి చూద్దాం."

"తీసి ఎవరికివ్వాలి?"

నవ్వాడు. సాయిదుర్గ నవ్వలేదు. నా చీర కొంగు సర్దుతూ కూర్చుంది.

"సరే, నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"గోంగూర పప్పు."

"చుక్కకూర పప్పండీ" అంది సాయిదుర్గ, మెల్లగా, డాక్టరుతో.

చుక్కకూరయినా గోంగూరయినా ఆకుపచ్చగా ఉంటుంది, పుల్లగా ఉంటుంది, పప్పులో మెదిపేశాక ఎవరైనా పొరబడతారు. కానీ డాక్టరు ఆ ఒక్కటీ కాగితం మీద రాసుకున్నాడు. కనకరాజు కళ్ళు తుడుచుకున్నాడు. నలభై ఏళ్ళ కింద వాడికి జ్వరమొచ్చి తగ్గినప్పుడు పథ్యానికి ఏ ఆకు పెట్టానో ఇప్పటికీ చెప్పగలను. అది అడిగితే కదా.

అయినా చుక్కకూర అనే చెప్పాను. వాళ్ళకి సరిగా వినపడలేదు.

ఆగస్టు 5, మంగళవారం

చుక్కకూర అని చెప్పలేదు. గోంగూర అనే చెప్పాను. దిద్దాలా అని కృపావరం అడిగింది. వద్దు, అలాగే ఉండనీ అన్నాను.

మంట ఆరడం మాత్రం నేను చూశాను.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. సాయిదుర్గ స్కూలుకి సెలవు పెట్టింది. వంటింటి తలుపు తీసి ఉంది. పొద్దుటినుంచీ ఆ గుమ్మాన్నే చూస్తూ హాల్లో కుర్చీలో కూర్చున్నాను. కనకరాజు నా పక్కనే పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పేపరు ఒకసారైనా తిరగేస్తే ఒట్టు.

బూరెలకి పూర్ణం ఉడుకుతోంది. లోపలినుంచి సాయిదుర్గ కేకేసింది.

"అత్తయ్యగారూ, పూర్ణం ఎలా ఉందంటారు? సరిపోతుందా?"

"బాగుంది, ఇంకో నిమిషం ఉంచు" అన్నాను.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గరిటె. నా మొహంలోకి అదోలా చూసింది. ఆ పక్కనే కనకరాజు పేపరుతో విసురుకుంటున్నాడు, ఉక్కగా ఉందేమో.

వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి గిన్నె తోముతున్న చప్పుడు. బూరెలు ఆలస్యమయ్యాయి.

కృపావరం వరండాలో కూర్చుంది. బూరెలు పెడితే తిని, బాగున్నాయండి అంది. పూజ సంగతి తనకెందుకు, కడుపు సంగతి తనది.

ఆగస్టు 12, మంగళవారం

ఇవాళ కృపావరాన్ని తిట్టాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. అవి తను రాయనంది.

పొద్దున్న రాగానే గది తుడిచింది. నా కాళ్ళకి నూనె రాసింది. పదకొండింటికి అన్నం కలిపి పెట్టింది. అన్నీ అయ్యాక మంచం దగ్గర చతికిలబడి అడిగింది.

"మామ్మగారూ, ఈ గదిలో ఏదైనా వాసన వస్తోందాండీ?"

"ఫినాయిలు."

"ఇంకేం రావట్లేదా?"

"నువ్వు తలంటుకుని ఎన్నాళ్ళయింది? అదీ వస్తోంది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మంచం కిందికి చెయ్యి పెట్టి ఒక గోనెసంచీ లాగింది. సంచీలో తాటిపండు. నల్లగా మగ్గి, తొడిమ ఊడి, పైన పగిలి నారింజరంగు గుజ్జు కనబడుతున్న పండు. పొద్దున్న పదింటికి పెట్టిందట. మూడు గంటలు నేను దాని మీదే పడుకున్నాను.

మగ్గిన తాటిపండు సంగతి తెలిసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. వీధిలో ఒక ఇంట్లో ఉంటే ఆ చివరి ఇంటివాళ్ళు వచ్చి అడుగుతారు.

"బస్సులో అందరూ నన్నే చూశారండి" అంది కృపావరం. "డ్రైవరు కిటికీ తియ్యమన్నాడు. మీరు మాత్రం..."

అప్పుడు తిట్టాను. లేచి వెళ్ళిపొమ్మన్నాను. నన్ను పరీక్ష చెయ్యడానికి నువ్వెవతివే అన్నాను. అది వెళ్ళలేదు. పండుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎన్నాళ్ళయిందండీ?" అంది.

రాయి. నాలుగేళ్ళు. ఊరూరా జ్వరాలొచ్చిన ఏడాది నాకూ వచ్చింది. తగ్గిన మూడో రోజున కాఫీ తాగితే వేణ్ణీళ్ళు. మల్లెపూలు మొహానికి అద్దుకున్నా ఏమీ లేదు. తిరిగొస్తుందనుకున్నాను. రాలేదు. నాలిక మీద తీపి తెలుస్తుంది, పులుపు, ఉప్పు, కారం, చేదు తెలుస్తాయి. అంతకుమించి ఏమీ లేదు. గోంగూరకీ చుక్కకూరకీ మధ్య ఉండేదేదో అది లేదు. నాలుగేళ్ళనుంచి చెవితో వండుతున్నాను. ఆవాలు చిటపటలాడితే లెక్క, పాలు పొంగబోయేముందు గిన్నె అంచున సన్నగా వచ్చే చప్పుడు లెక్క. ఎవరూ కనిపెట్టలేదు. అందరూ తిని బాగుందన్నారు. గ్యాసుకి మాత్రం చప్పుడు లేదు.

"మరి చెప్పెయ్యొచ్చు కదండీ?" అంది కృపావరం. "మతి పోలేదు, ముక్కే పోయిందని చెబితే వాళ్ళు మిమ్మల్ని ఆ తాడేపల్లిగూడెం ఆశ్రమానికి ఎందుకు పంపుతారు?"

దానికేం తెలుసు. ఈ ఇంటికి సాయిదుర్గ వచ్చి ఇరవైమూడేళ్ళు. వచ్చిన నెలలోనే పాలు మాడబెట్టింది. "నీకసలు ముక్కుందా? ముక్కుపుడక తగిలించుకోడానికి ఉంచుకున్నావా?" అన్నాను. ఆ ఒక్కసారితో ఊరుకోలేదు. పెళ్ళిళ్ళలో అన్నాను. వాళ్ళ పుట్టింటివాళ్ళ ముందు అన్నాను. ఆవిడ ఏది వండినా మూత తీసి వాసన చూసి, ఏమీ అనకుండా మూత పెట్టేదాన్ని. అనడం కన్నా అది ఎక్కువని నాకు తెలుసు. ఇప్పుడు వెళ్ళి ఆవిడతో నా ముక్కు పోయిందని చెప్పనా? దానికన్నా మతి పోయిందన్నదే నయం.

పైన రాసిందంతా కొట్టెయ్యమన్నాను. కృపావరం కొట్టేశానంది. నాకేం తెలుసు, నాకు చదువు రాదు.

ఆగస్టు 14, గురువారం

నిన్న కృపావరం రాలేదు. తిట్టినందుకేమో అనుకున్నాను. వాళ్ళ ఊరి రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సు ఆగిందట. రాసే మనిషి లేక నిన్న అనే రోజే లేకుండా పోయింది. నాలుగింటిదాకా తాళం వేసిన ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. గ్రిల్లు పట్టుకుని నిలబడితే ఫణికిరణ్ పైనుంచి దిగుతూ "ఏవండీ మామ్మగారూ, ఏమైనా కావాలాండీ?" అన్నాడు. మంచివాడే. నన్ను బతికించాడు. ఆ మాట వాడితో ఇంతవరకూ అనలేదు.

ఏమీ వద్దన్నాను.

పెట్టె సర్దాను. నాలుగు చీరలు, దుప్పటి, అట్లకాడ. అట్లకాడ తీసి బయట పెట్టాను. అక్కడ దాంతో పనేముంది? మళ్ళీ లోపల పెట్టాను.

ఆగస్టు 16, శనివారం

కృపావరం తాటిపళ్ళు ఇంకో నాలుగు తెచ్చి సాయిదుర్గకిచ్చింది. తాతాజీకి తాటిపండు దోసెలంటే ప్రాణం, చిన్నప్పుడు టెంకలు చీకి మొహమంతా పసుపు చేసుకునేవాడు. రేపు చేస్తానంది సాయిదుర్గ. ఎలా చెయ్యాలో నన్ను అడగలేదు. నేను చెప్పలేదు.

కృపావరం రేపు చర్చి నుంచి నేరుగా ఇక్కడికి వస్తానంది. పుస్తకం కావాలేమో అంది.

ఆగస్టు 17, ఆదివారం

అంతా అయ్యాక, అందరూ ఇక్కడే కూర్చుని ఉండగా, ఇది రాయిస్తున్నాను.

తాతాజీ పదింటికి వచ్చాడు. కారు గ్రిల్లుకి అడ్డంగా పెట్టాడు. "ఏం అక్కా, చిక్కిపోయావేంటి?" అన్నాడు.

"నువ్వు బాగా ఊరావులే. ఉల్లిపాయలు బస్తాల్లో తగ్గి నీ బొజ్జలో పెరిగాయా?" అన్నాను.

"నోరు మాత్రం తగ్గలేదురా కనకరాజూ" అని నవ్వాడు. నవ్వాడు గానీ నా పెట్టె ఎక్కడుందో కళ్ళతో వెతుకుతున్నాడు.

నలుగురూ కూర్చోకముందే వంటింట్లోంచి చప్పుడు వినబడింది. తాటిపండు పిండుతున్న చప్పుడు. ఒక పండు పిండింది, టెంకలు పక్కన పడేసింది, రెండో పండు అందుకుంది. అదే బేసిను. ఇంకో గిన్నె తీసిన చప్పుడు రాలేదు.

"ఆపు!" అని అరిచాను. తాతాజీ చేతిలో కాఫీ తొణికింది.

"ఒక్కో పండు ఒక్కో గిన్నెలో పిండాలి అమ్మాయ్! ఒక్క పండు చేదుదైతే మొత్తం చేదెక్కిపోతుంది. ఎంత బెల్లం పోసినా విరగదు."

కనకరాజు నా భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. తాతాజీ వాణ్ణి ఆపాడు. "అక్క చెప్పింది నిజమేరా. మా అమ్మ కూడా నాలుగు ముంతలు పెట్టేది. అమ్మాయ్, గిన్నెలు ఇటు తీసుకురా."

సాయిదుర్గ నాలుగు గిన్నెలు తెచ్చి నా ముందు పెట్టింది. అప్పటికి ఒక పండే పడింది, బతికాం. మిగతా మూడూ నా ముందే పిండింది. మోచేతులదాకా పసుపు. ఒక్కో గిన్నెలోంచి చిటికెన వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. వేసుకుని ఆగాలి. తాటిచేదు ముందు రాదు. ముందు తీపే వస్తుంది, మింగాక గొంతు వెనకనుంచి వస్తుంది. రెండు బాగున్నాయి. మూడోది పక్కకి నెట్టాను. నాలుగోది బాగుంది.

"తియ్యగానే ఉంది కదే?" అన్నాడు తాతాజీ మూడోదాంట్లో వేలు పెట్టి. "తేనెలా ఉంది."

"గుమ్మందాకా నడిచి రా."

వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొహం వంకర్లు పోయింది. "అబ్బ, వేపాకు! మంచినీళ్ళు తేరా!" కృపావరం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిదుర్గ కూడా నవ్వింది. నాకు గెలిచానని అనిపించింది.

కనకరాజు నవ్వలేదు. "చేతికి అలవాటైన పని ఎవరికైనా గుర్తుంటుంది మావయ్యా" అన్నాడు. "డాక్టరూ అదే చెప్పాడు. అమ్మ దోసెలు పొయ్యడం మరిచిపోదు. దోసె పోస్తూ పోస్తూ కాలిపోతుంది. ఆ రోజు ఇంటినిండా గ్యాసు. వీధిలోకి కొడుతోంది. అమ్మ అందులో కూర్చుని పళ్ళు వలుచుకుంటోంది. దానికి జవాబు చెప్పమను. నేను ఆఫీసులో ఉంటే ఫోను మోగినప్పుడల్లా చస్తున్నాను."

అందరూ నా వైపు చూశారు. ఈ ఇరవై రోజులూ నేను ఈ పుస్తకంలో దాచుకున్న జవాబు ఒకటుంది. మంట ఆరడం నేను చూశాను. అది చెప్పాలని నోరు తెరిచాను. నా కొడుకు కళ్ళనిండా నీళ్ళున్నాయి. కారు గుమ్మంలో ఉంది. సాయిదుర్గ పసుపు చేతులు ముందుకు పెట్టుకుని నిలబడి ఉంది.

"మంట ఆరడం నేను చూడలేదు" అన్నాను. "గ్యాసు వస్తోందనీ తెలియలేదు. నాకు వాసన తెలియదు. నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఈ తాటిపళ్ళ వాసన కూడా నాకు లేదు. మతి పోలేదురా. ముక్కు పోయింది."

సాయిదుర్గ వైపు చూడకూడదనుకుని చూశాను. నేను అన్న మాట ఇరవైమూడేళ్ళు దాచుకుంది, ఇప్పుడు తిరిగిస్తుందనుకున్నాను.

"నాకు తెలుసు అత్తయ్యగారూ" అంది. "వ్రతం రోజు పూర్ణం మాడిపోయింది. ఇల్లంతా మాడు వాసన. అందుకే మిమ్మల్ని అడిగాను. మీరే చెబుతారని చూశాను."

"తెలిస్తే మరి నువ్వు చెప్పలేదేం?" అన్నాడు కనకరాజు.

"నేనా? అత్తయ్యగారికి ముక్కు లేదని నేను చెప్పాలా? ఈ ఇంట్లో?"

అంతే అంది. తిరిగివ్వలేదు. ఇచ్చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తాతాజీ నా పెట్టె వైపు చూశాడు. "అయితే గూడెం సంగతి..."

"గూడెం లేదు మావయ్యా" అన్నాడు నా కొడుకు. "కానీ అమ్మా, అలాగైతే వంటింటికి తాళం ఇంకా గట్టిగా వెయ్యాలి. అవునా కాదా, నువ్వే చెప్పు."

అవును. నా నోటితో నేనే అవునన్నాను. ఇంట్లో ముక్కున్న మనిషి లేనప్పుడు నేను పొయ్యి వెలిగించను. నేను పోయేదాకా అంతే. అది ఒప్పుకుంటున్నాను. దానికి బదులు వీధి గ్రిల్లు తాళంచెవి ఒకటి నా మొలలో ఉండాలన్నాను. కనకరాజు ఆలోచించాడు. సాయిదుర్గ లోపలికెళ్ళి తన సంచీలోంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. చెవికి గుజ్జు అంటింది.

తర్వాత దోసెలు పోశాం. నేను పెనం ముందు, ఆవిడ నా వెనక. "అత్తయ్యగారూ, బెల్లం వాసనొస్తోంది, మాడుతుందేమో" అంటుంది. "ఆగు, ఇంకా బుడగలు పగులుతున్నాయి" అంటాను. ఒకటి ఆవిడ మాట విని తిరగేశాను, పచ్చిగా ఉంది. ఒకటి నా మాటే నెగ్గించాను, మాడింది. మూడోదాన్నుంచి కుదిరాయి. తాతాజీ ఏడు తిన్నాడు. ఫణికిరణ్‌ని కేకేసి పిలిచి రెండు పెట్టించాను. "నన్ను బతికించావు నాయనా" అన్నాను. వాడు సిగ్గుపడి ప్లేటులోకి చూసుకున్నాడు.

అందరూ ఆహా వాసన అన్నారు. కళ్ళు మూసుకుని మరీ అన్నారు. నేనూ ఒకటి తిన్నాను. తీపి తగిలింది, మెత్తగా ఉంది. అంతే. ఆ మిగతాది ఉన్న గదికి తాళంచెవి ఎవరి సంచీలోనూ లేదు.

కొట్టెయ్యమన్న పేజీ కృపావరం కొట్టెయ్యలేదట. ఇప్పుడే ఒప్పుకుంది. అందరి ముందూ చదవమన్నాను. ముక్కుపుడక దగ్గరికి వచ్చేసరికి ఆగి నా వైపు చూసింది. చదవమన్నాను. చదివింది. సాయిదుర్గ లేచి వెళ్ళి పెనం కడిగి వచ్చింది.

ఇది నేను చెప్పగా రాసినది. చదివి వినిపించగా విన్నాను, సరిగానే ఉంది. నా వేలిముద్ర పడదు. రేషను మిషనూ పట్టుకోదు, పెనం అంచులు ఎత్తీ ఎత్తీ గీతలు అరిగిపోయాయి. అందుకని కలం పుచ్చుకుని సున్నా ఒకటి చుట్టాను. కొస కలవలేదు. కలపనా అని సాయిదుర్గ అడిగింది. వద్దన్నాను. పోసి వదిలేసింది వదిలేసినట్టే ఉండాలి.

వెంకటనరసమ్మ నిశానీ: ౦

సాక్షులు:
సాయిదుర్గ, కోడలు
తాతాజీ, తమ్ముడు, తాడేపల్లిగూడెం
ఫణికిరణ్, మేడమీద వాటా

రాసినది: కృపావరం